సెండ్ సక్సెస్ అంది, ప్యాకెట్ చేరలేదు: తప్పు డ్రైవర్‌దేనా?

ఈసారి లినక్స్‌లో కాస్త కిందికి దిగుదాం. బ్రౌజర్, యాప్, ఏపీఐ ఇవన్నీ పై అంతస్తు. మనం చూడబోయేది గ్రౌండ్ ఫ్లోర్: మీ ప్రోగ్రామ్ ఒక ప్యాకెట్ పంపమన్నాక అది కేబుల్ ఎక్కేలోపు ఏమేం జరుగుతుంది, మధ్యలో మాయమైతే ఎక్కడ మాయమైందో ఎలా పట్టుకోవాలి అని. మొబైల్‌లో చూస్తున్నవాళ్ళు వెళ్ళిపోకండి. మీ ఆండ్రాయిడ్ ఫోన్ లోపల ఉన్నది కూడా లినక్స్ కెర్నలే. చివర్లో ఫోన్‌లోనే చేసుకునే ఒక పని ఇస్తాను.

ముందు ఒక విషయం తేల్చేసుకుందాం. మీ సీ ప్రోగ్రామ్‌లో సెండ్‌టూ అని పిలిచారు. అది 47 అని రిటర్న్ చేసింది. అంటే 47 బైట్లు అవతలి కంప్యూటర్‌కి వెళ్ళిపోయాయనా? కాదు. కనీసం మీ కంప్యూటర్ దాటాయనా? అదీ కాదు. కెర్నల్ మీ దగ్గర్నుంచి 47 బైట్లు తీసుకుంది, అంతే. ఆర్టీసీ కార్గో కౌంటర్లో పార్సిల్ ఇస్తే రశీదు ఇస్తారు చూడండి, సెండ్‌టూ ఇచ్చే నంబర్ ఆ రశీదు. పార్సిల్ ఇంకా కౌంటర్ వెనకాలే ఉండొచ్చు. బస్సు రాకపోవచ్చు. బస్సు వచ్చినా, అవతలి ఊళ్ళో దింపుకున్నవాడు సీల్ సరిగ్గా లేదని పక్కన పడెయ్యొచ్చు.

ఈ సంగతి ఎందుకు ఎత్తానంటే, కాకినాడ నుంచి ఫైనల్ ఇయర్ చదువుతున్న ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. ఉన్నదున్నట్టు చదువుతున్నా: "అన్నా, నిన్న రాత్రి దాకా పనిచేసింది. ఉబుంటు అప్‌డేట్ అడిగితే ఓకే కొట్టా. పొద్దున్నుంచి ప్యాకెట్ చేరట్లేదు. డ్రైవర్ పోయినట్టుంది. సోమవారం ప్రాజెక్ట్ రివ్యూ. ఓఎస్ మళ్ళీ ఇన్‌స్టాల్ చేస్తున్నాం, కాకపోతే నలుగురం డబ్బులేసుకుని కొత్త యూఎస్‌బీ ల్యాన్ అడాప్టర్ కొంటున్నాం."

శుక్రవారం రాత్రి వచ్చిన మెసేజ్ ఇది. నేను పెట్టిన మొదటి రిప్లై ఒకటే: ఇన్‌స్టాల్ చెయ్యకు, రీస్టార్ట్ కూడా చెయ్యకు. ఎందుకంటే నెట్‌వర్క్ కార్డూ కెర్నలూ తమ దగ్గర ఏం జరిగిందో లెక్కలు రాసుకుంటూ ఉంటాయి. ఎన్ని ప్యాకెట్లు వచ్చాయి, ఎన్ని పారేశారు, ఎందుకు పారేశారు, అన్నీ ఉంటాయి. రీస్టార్ట్ చేశారంటే ఆ లెక్కలన్నీ సున్నా అయిపోతాయి. దొంగతనం జరిగిన ఇల్లు పోలీసులు రాకముందే శుభ్రంగా కడిగేసినట్టు.

ఆ టీమ్ ప్రాజెక్ట్ ఏంటంటే, రా సాకెట్‌తో ప్యాకెట్ తయారు చేసి పంపడం. మామూలు యూడీపీ సాకెట్ అయితే మీరు మెసేజ్ ఇస్తే చాలు, హెడర్లన్నీ కెర్నల్ రాస్తుంది. రా సాకెట్‌లో, అందులోనూ ఏఎఫ్ ప్యాకెట్ రకంలో, మొదటి బైట్ నుంచీ అంతా మీరే రాయాలి. ఈథర్నెట్ హెడర్ 14 బైట్లు, ఐపీ హెడర్ 20, యూడీపీ హెడర్ 8, ఆ తర్వాత మీ మెసేజ్. మెసేజ్ ఐదు అక్షరాల ఇంగ్లిష్ "హెలో" అనుకోండి, మొత్తం 47. సెండ్‌టూ ఇచ్చిన 47 అదే. అవతల ఇంకో ల్యాప్‌టాప్‌లో మామూలు యూడీపీ రిసీవర్ ప్రోగ్రామ్ ఎదురుచూస్తోంది. దానికి ఏమీ అందట్లేదు.

ఇప్పుడు ప్యాకెట్ నడిచే దారి చెబుతాను. మీ ప్రోగ్రామ్ నుంచి కెర్నల్‌లోకి వస్తుంది. అక్కడ ఒక క్యూలో నిలబడుతుంది. తర్వాత డ్రైవర్ చేతికి వెళుతుంది. డ్రైవర్ ప్యాకెట్‌ని ఎత్తుకెళ్ళి కార్డులో వెయ్యదు. "ఇదిగో, ర్యామ్‌లో ఈ అడ్రస్‌లో ఇన్ని బైట్లు ఉన్నాయి" అని ఒక చీటీ రాసి పెడుతుంది. ఈ చీటీలు పెట్టే చోటే రింగ్ బఫర్. గుండ్రంగా తిరిగే టోకెన్ల వరుస అనుకోండి. చాలా ఇంటెల్ కార్డులకు మొదట్లో 256 గళ్ళు ఉంటాయి, 4096 దాకా పెంచుకోవచ్చు. కార్డు ఆ చీటీ చూసి, సీపీయూ ప్రమేయం లేకుండా తనే ర్యామ్‌లోంచి బైట్లు లాక్కుంటుంది. దాన్నే డీఎంఏ అంటాం. అప్పుడు కేబుల్ మీదికి వదులుతుంది. పని అయ్యాక ఇంటరప్ట్ కొట్టి "ఈ చీటీ అయిపోయింది" అని చెబుతుంది. అవతలి కంప్యూటర్‌లో ఇదే కథ తలకిందులుగా.

మరి టీసీపీడంప్ ఈ దారిలో ఎక్కడ నిలబడి చూస్తుంది? దీన్ని పట్టించుకునేవాళ్ళు తక్కువ. ప్యాకెట్ బయటికి పోయేటప్పుడు, క్యూ దాటాక, డ్రైవర్ చేతిలో పెట్టడానికి ఒక్క క్షణం ముందు దానికొక కాపీ వెళుతుంది. అంటే గోడౌన్ గుమ్మం దగ్గర సీసీ కెమెరా. బస్సు లోపల కెమెరా లేదు, రోడ్డు మీద అసలే లేదు. కార్డు చచ్చిపోయి ఉన్నా, కాసేపు టీసీపీడంప్‌లో ప్యాకెట్లు దర్జాగా కనిపిస్తూనే ఉంటాయి. "టీసీపీడంప్‌లో కనపడింది కాబట్టి వైర్ మీదికి వెళ్ళింది" అని ఇంటర్వ్యూలో చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు, నేను విన్నాను.

లోపలికి వచ్చేటప్పుడు ఇంకో తమాషా. డ్రైవర్ ప్యాకెట్‌ని కెర్నల్‌కి అప్పజెప్పగానే టీసీపీడంప్ చూసేస్తుంది. ఫైర్‌వాల్ రూల్స్ ఆ తర్వాత. అందుకే ఐపీటేబుల్స్‌తో బ్లాక్ చేసిన ప్యాకెట్ కూడా వచ్చేటప్పుడు టీసీపీడంప్‌లో కనిపిస్తుంది. అదే మామూలు ప్రోగ్రామ్ బయటికి పంపేదాన్ని ఫైర్‌వాల్ ఆపితే కనిపించదు. ఒకే టూల్, రెండు వైపులా రెండు రకాల సాక్ష్యం.

సరే, కాకినాడ కేసుకి వద్దాం. నేను అడిగినవి వరుసగా చేశాడు. పంపే ల్యాప్‌టాప్‌లో టీసీపీడంప్ పెట్టాడు. ప్యాకెట్ కనిపించింది. దాంతోపాటు ఒక లైన్: బ్యాడ్ యూడీపీ చెక్‌సమ్. "అన్నా, దీన్ని పట్టించుకోనక్కర్లేదట, ఎక్కడో చదివాను" అన్నాడు.

చదివింది నిజమే. కానీ సగం నిజం. ఆ సగం ఎక్కడిదో చెప్పాలి, ఎందుకంటే ఈ ఎపిసోడ్ మొత్తానికి కీలకం అదే. చెక్‌సమ్ అంటే ప్యాకెట్‌లోని బైట్లన్నిటినీ రెండేసి చొప్పున కూడి, పైకి పొంగిన క్యారీని మళ్ళీ కిందే కలిపి, చివర్లో బిట్లు తిరగేసిన ఒక 16 బిట్ల నంబర్. దారిలో ఒక బైట్ పాడైతే ఆ లెక్క తేలదు, అవతలివాడు పారేస్తాడు. ఈ కూడికలు ప్రతి ప్యాకెట్‌కీ చెయ్యడం సీపీయూకి దండగ ఖర్చు కాబట్టి, ఇప్పటి కార్డులు "ఆ గడి వదిలెయ్, నేను నింపుకుంటా" అంటాయి. చెక్‌సమ్ ఆఫ్‌లోడ్ అంటే ఇదే. బరువు స్టిక్కర్ గోడౌన్‌లో కాకుండా బస్సు దగ్గర అంటిస్తారన్నమాట. గుమ్మం దగ్గరున్న కెమెరాకి స్టిక్కర్ లేని పార్సిలే కనిపిస్తుంది. అది "బ్యాడ్" అని అరుస్తుంది, కానీ నిజానికి అంతా బాగానే ఉంటుంది. ఇదే లెక్కన టీసీపీలో 1500 బైట్లు దాటకూడని ప్యాకెట్ టీసీపీడంప్‌లో ఇరవై ముప్ఫై వేల బైట్లతో కనిపించినా కంగారుపడకండి. దాన్ని ముక్కలు చేసే పని కూడా కార్డే చేసుకుంటోంది.

అయితే ఆ "నేను నింపుకుంటా" అనే ఒప్పందం కెర్నల్‌కీ కార్డుకీ మధ్య. కెర్నల్ తను తయారు చేసిన ప్యాకెట్ మీద "ఇది నింపాలి" అని గుర్తు పెడుతుంది. మీరు ఏఎఫ్ ప్యాకెట్ రా సాకెట్‌లో చేత్తో రాసిన ఫ్రేమ్ మీద ఆ గుర్తు మామూలుగా ఉండదు. కెర్నల్ దాన్ని ముట్టుకోదు, కార్డు ముట్టుకోదు. మీరేం రాస్తే అదే వైర్ ఎక్కుతుంది. అంటే మామూలు ప్రోగ్రామ్ విషయంలో కొట్టిపారెయ్యాల్సిన హెచ్చరిక, రా సాకెట్ విషయంలో అక్షరాలా నిజం. అదే స్క్రీన్, అదే లైన్, అర్థం మాత్రం పూర్తిగా ఉల్టా.

అయినా నేను వెంటనే చెప్పలేదు. అనుమానానికి సాక్ష్యం కావాలి కదా. పంపే మెషిన్‌లో ఈథ్‌టూల్ మైనస్ పెద్ద ఎస్ కొట్టమన్నాను. ఇది కార్డు తన సొంత లెక్కలు చూపిస్తుంది. పేర్లు ఒక్కో డ్రైవర్‌కి ఒక్కోలా ఉంటాయి, కానీ పంపిన ప్యాకెట్ల లెక్క ఏదో ఒక పేరుతో ఉంటుంది. ప్రోగ్రామ్‌ని పదిసార్లు నడిపాడు, అది కనీసం పది పెరిగింది. బస్సు ఎక్కింది. తర్వాత అవతలి ల్యాప్‌టాప్‌లో టీసీపీడంప్. అక్కడ ప్యాకెట్ ప్రత్యక్షం! ఆ నిమిషంతో డ్రైవర్ కేసు కొట్టేసినట్టే. ఇవతలి డ్రైవర్ పంపింది, అవతలి డ్రైవర్ అందుకుంది. మధ్యలో కేబుల్, స్విచ్, అన్నీ నిర్దోషులే. కొత్త అడాప్టర్ కొనే పని తప్పింది.

ఇక మిగిలింది అవతలి కెర్నల్‌కీ రిసీవర్ ప్రోగ్రామ్‌కీ మధ్య ఉన్న కొంచెం దూరం. అక్కడ ఎన్‌స్టాట్ అనే చిన్న కమాండ్ ఉంది, ఎవరూ వాడరు గానీ బంగారం లాంటిది. మైనస్ ఏజెడ్ పెట్టి కొడితే కెర్నల్ ఐపీ, టీసీపీ, యూడీపీ లెక్కలన్నీ గుమ్మరిస్తుంది. అందులో యూడీపీ ఇన్ సీసమ్ ఎర్రర్స్ అని ఒక లైన్. ఒక ప్యాకెట్ పంపితే ఒకటి పెరుగుతోంది. పది పంపితే పది. దొరికింది.

కానీ అసలు ప్రశ్న మిగిలే ఉంది: నిన్న రాత్రి ఎలా పనిచేసింది? మధ్యలో మారింది అప్‌డేట్ ఒక్కటే కదా? "ఇంకేం మార్చావు తమ్ముడూ, బాగా గుర్తుతెచ్చుకో" అంటే, "ఏమీ మార్చలేదన్నా, రివ్యూ కోసం మెసేజ్ ఒక్కటే మార్చాం" అన్నాడు. ముందు "టెస్ట్" ఉండేది. ఇంగ్లిష్‌లో నాలుగు అక్షరాలు. ఇప్పుడు "హెలో". ఐదు.

చూశారా? చెక్‌సమ్ రెండేసి బైట్లు కూడుతుంది. నాలుగైతే రెండు జతలు. ఐదైతే రెండు జతలు పోగా ఒకటి ఒంటరిగా మిగులుతుంది. దాని పక్కన ఒక సున్నా బైట్ ఉందనుకుని కూడాలి. వాళ్ళ లూప్ పొడవుని రెండుతో భాగించి అన్నిసార్లే తిరిగింది, చివరి బైట్‌ని వదిలేసింది. సరి సంఖ్య మెసేజ్‌లన్నీ చేరతాయి, బేసి సంఖ్యవి చేరవు. అప్‌డేట్ పాపం పక్కనే నిలబడి ఉన్నందుకు దెబ్బలు తింది. కాకి వాలింది, తాటిపండు పడింది.

ఇలాంటిది మీకు ఎదురైతే ఒక షార్ట్‌కట్ చెబుతా. ఐపీ వెర్షన్ 4లో యూడీపీ చెక్‌సమ్ గడిలో సున్నా పెడితే "నేను లెక్క వెయ్యలేదు, నువ్వు చూడకు" అని అర్థం. టెస్ట్ కోసం ఒకసారి సున్నా పెట్టి పంపండి. చేరిందా, తప్పు మీ చెక్‌సమ్ ఫంక్షన్‌లో ఉంది. ఇది టెస్ట్‌కే, ప్రాజెక్ట్‌లో అలాగే వదిలేస్తే ఎగ్జామినర్ అడిగే మొదటి ప్రశ్న అదే అవుతుంది. ఐపీ వెర్షన్ 6లో మామూలుగా ఇలా కుదరదు కూడా. ఇంకోటి, యూడీపీ చెక్‌సమ్‌లో యూడీపీ భాగం ఒక్కటే కాదు, పంపేవాడి ఐపీ, అందుకునేవాడి ఐపీ, ప్రోటోకాల్ నంబర్ 17, యూడీపీ పొడవు కూడా కలుపుకోవాలి. వీటిని మర్చిపోతే మాత్రం సరి బేసి తేడా లేకుండా ఏదీ చేరదు.

స్నిఫర్ రాసేవాళ్ళకి ఒక మాట చెప్పి ముందుకెళ్తా. సాకెట్ తెరిచేటప్పుడు మూడో ఆర్గ్యుమెంట్‌లో ప్రోటోకాల్ ఇస్తారు కదా, దాన్ని హెచ్‌టూఎన్ఎస్‌లో చుట్టాలి. చుట్టకపోతే 3 కాస్తా మన ఇంటెల్, ఏఎమ్‌డీ మెషిన్లలో 768గా చేరుతుంది. ఎర్రర్ రాదు, ప్యాకెట్ రాదు. ప్రోగ్రామ్ మౌనవ్రతం పట్టినట్టు కూర్చుంటుంది.

సరే, ఇంతకీ తప్పు నిజంగా కింద ఉంటే, కార్డులోనో డ్రైవర్‌లోనో కేబుల్‌లోనో ఉంటే, ఎలా కనిపిస్తుంది?

ముందు ఎల్ఎస్‌పీసీఐ మైనస్ కే. ఏ కార్డుకి ఏ డ్రైవర్ పట్టుకుందో చెబుతుంది. కార్డు పేరు ఉండి, "కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్" అనే లైన్ లేకపోతే, కార్డు ఉంది గానీ దాన్ని నడిపేవాడు లేడు. తర్వాత డీమెసేజ్. అందులో ఫర్మ్‌వేర్ లోడ్ కాలేదని ఉంటే, ఆ ఫైల్ ఉన్న ప్యాకేజీ వేసుకుంటే చాలాసార్లు సరిపోతుంది. వైఫై కార్డుల్లో ఇది మరీ ఎక్కువ. నెట్‌డెవ్ వాచ్‌డాగ్, ట్రాన్స్‌మిట్ క్యూ టైమ్డ్ అవుట్ అని ఉంటే మాత్రం సీరియస్. డ్రైవర్ చీటీలు పెడుతోంది, కార్డు "అయిపోయింది" అని చెప్పట్లేదు, కెర్నల్ కొన్ని సెకన్లు చూసి గంట కొట్టింది. అప్పుడు డ్రైవర్‌ని అనుమానించండి, కార్డుని అనుమానించండి, కార్డు పవర్ సేవింగ్‌ని కూడా అనుమానించండి. ఈథ్‌టూల్ మైనస్ పెద్ద కేతో ఆఫ్‌లోడ్‌లు ఒక్కొక్కటి ఆఫ్ చేసి చూడండి. ఒకేసారి అన్నీ ఆపేస్తే బాగుపడుతుంది గానీ ఏది బాగుచేసిందో తెలీదు. నాకైతే ఆ రకం బాగుపడటం నచ్చదు.

డీమెసేజ్ శుభ్రంగా ఉండి, సీఆర్‌సీ ఎర్రర్ల లెక్క పెరుగుతుంటే కేబుల్ చూడండి. మన కాలేజీ ల్యాబుల్లో ఆ నీలం కేబుళ్ళు తెలుసుగా, క్లిప్ విరిగిపోయి, కొంచెం కదిలిస్తే లైట్ ఆరిపోతుంది. ఇంకో గుర్తు: గిగాబిట్ కార్డు, గిగాబిట్ స్విచ్, అయినా ఈథ్‌టూల్ స్పీడ్ 100 అని చూపిస్తోంది. గిగాబిట్‌కి కేబుల్‌లో ఎనిమిది తీగలూ కావాలి. 100కి నాలుగు చాలు. ఒక్క తీగ తెగితే చాలాసార్లు లింక్ వస్తుంది, లైట్ వెలుగుతుంది, నెట్ నడుస్తుంది, కానీ పదో వంతు స్పీడ్‌తో. దీనికి డ్రైవర్ రీఇన్‌స్టాల్ చేసి ఏం లాభం చెప్పండి. క్రింపింగ్ టూల్ తీసుకుని కొత్త కనెక్టర్ కొట్టించండి.

మిస్డ్ అనే లెక్క పెరుగుతుంటే అది వేరే జబ్బు. ప్యాకెట్లు కార్డు దాకా వచ్చాయి, కానీ రింగ్‌లో ఖాళీ గడి లేదు. సీపీయూ ఖాళీ చేసేలోపు నిండిపోయింది. రింగ్ పెంచండి, ఈథ్‌టూల్ మైనస్ పెద్ద జీ. కాకపోతే రింగ్ పెంచడమంటే వెయిటింగ్ హాల్ పెద్దది చెయ్యడమే, డాక్టర్ స్పీడ్ పెరగదు. ఉన్నట్టుండి వచ్చే గుంపుని తట్టుకుంటుంది, రోజంతా ఉండే గుంపుని కాదు.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన కథ. 2008. లినక్స్ 2.6.27 ఇంకా టెస్టింగ్‌లో ఉంది. దాన్ని వాడి చూస్తున్నవాళ్ళలో కొందరికి, ఇంటెల్ నెట్‌వర్క్ కార్డ్ ఉన్నవాళ్ళకి, కార్డు ఉన్నట్టుండి పనిచెయ్యడం మానేసింది. పాత కెర్నల్‌కి వెనక్కి వెళ్ళినా బాగుపడలేదు! ఎందుకంటే కార్డు తన మ్యాక్ అడ్రస్, సెట్టింగ్స్ దాచుకునే చిన్న మెమరీ ఒకటి ఉంటుంది, కరెంట్ తీసినా పోనిది. అందులో చెత్త రాసేసి ఉంది. డ్రైవర్ లోడ్ అవుతూనే ఆ మెమరీ చెక్‌సమ్ తప్పింది అని చెప్పి ఆగిపోయేది. మన కాకినాడ కేసులో చెక్‌సమ్ తప్పితే ఒక ప్యాకెట్ పోయింది. ఇక్కడ కార్డే పోయింది.

డ్రైవర్ పేరు ఈ1000ఈ. అందరి వేలూ దానివైపే. సహజం కదా, చచ్చింది దాని కార్డే. కొందరు గ్రాఫిక్స్ వైపు కూడా అనుమానంగా చూశారు. ఉబుంటు లాంటివి టెస్టింగ్ వెర్షన్లలో ఆ డ్రైవర్‌నే ఆపేశాయి. ఇంటెల్ ఇంజనీర్లు ఆ మెమరీలోకి ఎవరూ రాయకుండా తాళం వేసే ప్యాచ్ ఇచ్చారు. కానీ రాస్తున్నది ఎవరు?

తేలింది ఏంటంటే, ఎఫ్‌ట్రేస్. కెర్నల్ ఫంక్షన్లు ఎప్పుడు ఏది నడిచిందో గమనించే టూల్, నెట్‌వర్క్‌తో దానికి ఏ చుట్టరికమూ లేదు. అది ఫంక్షన్ల మొదట్లో ఉండే ఒక ఇన్‌స్ట్రక్షన్‌ని మార్చాలి కాబట్టి, ఆ అడ్రస్‌లన్నీ ఒక లిస్ట్‌లో రాసుకుంటుంది. మాడ్యూల్ లోడ్ అయ్యేటప్పుడు ఒక్కసారే నడిచే కోడ్ కొంత ఉంటుంది. పనయ్యాక కెర్నల్ ఆ చోటు ఖాళీ చేసేస్తుంది. ఎఫ్‌ట్రేస్ లిస్ట్‌లో మాత్రం ఆ పాత అడ్రస్ అలాగే ఉండిపోయింది. ఖాళీ అయిన చోటు తర్వాత ఎవరికి దక్కిందంటే, ఈ1000ఈ కార్డు మెమరీని చూపించే మ్యాపింగ్‌కి. పాత అద్దెదారు ఖాళీ చేశాడు, కొత్తవాళ్ళు దిగారు, పాలవాడు మాత్రం పాత పద్దు చూసుకుని వచ్చి అదే తలుపు తీశాడు.

అయినా ఎఫ్‌ట్రేస్ జాగ్రత్తగానే రాసింది. "అక్కడ నేను అనుకున్న పాత విలువ ఉంటేనే మార్చు, లేకపోతే వదిలెయ్" అనే ఇన్‌స్ట్రక్షన్ వాడింది. కంపేర్ ఎక్స్‌ఛేంజ్ అంటారు. అక్కడ ఆ విలువ లేదు, కాబట్టి మార్చకూడదు. మార్చలేదు కూడా. కానీ ఎక్స్86 ప్రాసెసర్‌లో ఈ ఇన్‌స్ట్రక్షన్ పోలిక కుదరకపోయినా ఉన్న విలువనే తిరిగి రాస్తుంది. ర్యామ్‌లో అయితే దానివల్ల ఏ నష్టమూ లేదు, ఐదుని చెరిపి ఐదు రాసినట్టు. కార్డు మెమరీలో అలా కాదు. అక్కడ రాయడం అంటే ఆజ్ఞ ఇవ్వడం. కార్డు దాన్ని ఆజ్ఞగా తీసుకుంది.

2.6.27 అక్టోబర్ 9న విడుదలైంది, వెంటనే వచ్చిన 2.6.27.1లో ఆ డైనమిక్ ఎఫ్‌ట్రేస్‌ని ఆపేశారు. తర్వాత దాన్ని సరిచేసి మళ్ళీ తెచ్చారు, ఇవాళ ప్రతి కెర్నల్ ఇంజనీర్ దాన్నే వాడుతున్నారు. నేనూ వాడతాను, ప్యాకెట్ ఏ ఫంక్షన్ దాకా వెళ్ళి ఆగిందో చూడ్డానికి దాన్ని మించింది నాకు దొరకలేదు.

ఇక ఫోన్ వాళ్ళకి. టెర్మక్స్ ఉంటే సీ కంపైలర్ క్లాంగ్ వేసుకోవచ్చు. రా సాకెట్ తెరవబోతే "ఆపరేషన్ నాట్ పర్మిటెడ్" అంటుంది, మీ కోడ్ తప్పు కాదు. రా సాకెట్‌కి ప్రత్యేక అనుమతి కావాలి, రూట్ లేని ఫోన్‌లో ఆండ్రాయిడ్ ఏ యాప్‌కీ దాన్ని ఇవ్వదు. ఇస్తే ఏ టార్చ్ లైట్ యాప్ అయినా మీ ప్యాకెట్లు చదివేసేది. ఆండ్రాయిడ్ 10 నుంచి ప్రాక్ నెట్ ఫోల్డర్ కూడా యాప్‌లకి మూసేశారు. మామూలు యూడీపీ సాకెట్ మాత్రం హాయిగా పనిచేస్తుంది. చెక్‌సమ్ ఫంక్షన్‌కి అసలు నెట్‌వర్కే అక్కర్లేదు, కాబట్టి అది రాయండి.

ఎనిమిది బైట్లు ఇస్తున్నా, హెక్స్‌లో: 00, 01, ఎఫ్2, 03, ఎఫ్4, ఎఫ్5, ఎఫ్6, ఎఫ్7. కూడితే డీడీఎఫ్2 రావాలి, బిట్లు తిరగేస్తే 220డీ. మీకు 0డీ22 వస్తే కంగారుపడకండి, బైట్లు అటూ ఇటూ మారాయి అంతే. మెషిన్ వరసలోనే చదివి మెషిన్ వరసలోనే ప్యాకెట్‌లో రాస్తే వైర్ మీద సరిగ్గానే ఉంటుంది. ఇప్పుడు చివరి ఎఫ్7 తీసేసి ఏడు బైట్లతో నడపండి. 2304 వస్తే మీ ఫంక్షన్ బేసి పొడవుని తట్టుకుంటుంది. బైట్లు తిరగబడితే 0423. అలా కాకుండా 1905 గానీ, తిరగబడి 0519 గానీ వచ్చిందంటే కాకినాడ తమ్ముడి లూపే మీ దగ్గరా ఉంది. బఫర్ చివర ఒక సున్నా బైట్ అదనంగా పెట్టి, పొడవుని సరి సంఖ్య చేసి మళ్ళీ నడపండి.

ఏ ఫోన్, ఏ నంబర్ వచ్చింది, కామెంట్లో పెట్టండి. వచ్చే ఎపిసోడ్‌లో ఎఫ్‌ట్రేస్ ఆన్ చేసి, ఒక పింగ్ ప్యాకెట్ కెర్నల్‌లో ఏయే ఫంక్షన్లు దాటుకుంటూ వెళుతుందో లైవ్‌లో చూద్దాం. దానికి మాత్రం ల్యాప్‌టాప్ కావాలి, వర్చువల్ మెషిన్ అయినా పర్లేదు. ఉంటాను మరి.